రెండు వేళ్ళ ఎత్తు

కోడికి రెక్కలు తీసేస్తే కూరవుతుంది. విమానానికి రెక్కలు తీసేస్తే కారవుతుందని నెవాడాలో కొంతమందికి గట్టి నమ్మకం. పాత యుద్ధవిమానాన్ని తుక్కు బేరానికి కొని, రెక్కలు కోసి, అల్యూమినియం చక్రాలు తొడిగి, ఎండిన సరస్సు మీద గంటకి ఐదొందల మైళ్ళు తోలితే పేరు రికార్డుల పుస్తకంలోకి ఎక్కుతుంది. తోలలేకపోతే ఆస్పత్రి పుస్తకంలోకి, ఆ పుస్తకంలోనూ చివరి పేజీలోకి.

లైల్ బ్రూబేకర్ పేరు మంగళవారం పొద్దున తొమ్మిదీ యాభై రెండుకి ఆ చివరి పేజీలోకి ఎక్కింది. వేగం నాలుగొందల ఎనభై. ఆపాల్సిన పారాచూట్ తోకలోంచి బయటికే రాలేదు. పదకొండు మైళ్ళ మైదానం అయిపోయింది, దాని చివరున్న రాళ్ళ గట్టు మాత్రం అయిపోలేదు.

ఇవాళ గురువారం. టైము ఏడూ నలభై. మైదానం చివర రేకుల షెడ్డులో, ఆ కారు ముక్కల మధ్య, డిటెక్టివ్ లోర్నా ఉర్రుటియా గొంతుక్కూర్చుని ఉంది. యాభై రెండేళ్ళ మనిషి. టెన్‌పీ కౌంటీలో నేరపరిశోధక విభాగం అంటే లోర్నాయే. ఆవిడ భోజనానికి వెళ్తే విభాగం మూసినట్టు, ఆవిడ తుమ్మితే విభాగానికి జలుబు చేసినట్టు. ఆ కౌంటీలో చదరపు మైలుకి ఒక్క మనిషని జనాభా లెక్క. లోర్నా వంతు మైలుకి ఆ మనిషి లోర్నాయే. నెవాడాలో నిలబడి "ఎవడా?" అని కేకేస్తే పలికేవాడుండడు. తిరిగి అరవడానికి కొండైనా దగ్గర్లో ఉండదు.

"పదింటికి నా పరుగు," అంది వెనకనించి నెల్డా.

లైల్ చెల్లెలు. ముప్ఫై నాలుగేళ్ళు. నిప్పంటని తెల్లదుస్తులు అప్పుడే తొడుక్కుని వచ్చింది, శిరస్త్రాణం చంకలో ఉంది. అన్నాచెల్లెళ్ళు ఒకే తుక్కు దుకాణంలో ఒకే రకం విమానాలు రెండు కొని రెండు కార్లు కట్టుకున్నారు. అన్నది పెద్ద పిట్ట, చెల్లెలిది చిన్న పిట్ట. పెద్ద పిట్ట ఇప్పుడు షెడ్డు నేలంతా పరుచుకుని ఉంది.

"ఒక్క రోజు ఆగలేవా?" అంది లోర్నా.

"రేపట్నించి వాన. వానొచ్చిందంటే ఇది నిజంగానే సరస్సయి కూచుంటుంది. మళ్ళీ జూలై దాకా ఆరదు."

"మీ అన్న పోయి రెండ్రోజులు."

"మేజర్ రాసిన భద్రత రిపోర్టు చదివారా మీరు? లైల్ చెయ్యి వణికిందట. పారాచూట్ లివరు లాగడానికి భయపడ్డాడట. లైల్!" నెల్డా నవ్వబోయింది, రాలేదు. "అదే వేగంలో, అదే ఆరో మైలు గుర్తు దగ్గర, అదే లివరు నేను లాగి చూపిస్తా."

"లాగితే పారాచూట్ వచ్చిందనుకో, మీ అన్నే లాగలేదని తేలుతుంది. రాలేదనుకో, తేలింది చూడ్డానికి నువ్వుండవు. ఎటు తిప్పినా ఓడిపోయే పందెమేగదమ్మా అది."

"తెలుసు." నెల్డా కింద పడున్న రేకుముక్కని బూటు కొసతో మెల్లిగా సర్దింది, పడుకున్నవాళ్ళకి దుప్పటి సర్దినట్టు. "ట్రెయిలర్ ఇంట్లో ఒక్కదాన్నే కూచుంటే ఆ పందెం కూడా ఉండదు నాకు. మీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నిన్న రాత్రి ఊళ్ళో, స్పెయిన్ కొండల్నించి గొర్రెలు కాయడానికొచ్చిన బాస్క్‌వాళ్ళ హోటల్లో, నలభైమంది పట్టే పొడుగు బల్లకి ఈ చివర లోర్నా ఒక్కతే కూచుని గొర్రెమాంసం పులుసు తింది. ఉప్పు చాలక అడుగుదామంటే ఉప్పు బల్ల ఆ చివర ఉంది, ఇటు అందించడానికి మనిషి లేడు.

నెల్డా పికప్పు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. లోర్నా చేతిలో ఇక రెండు గంటల ఇరవై నిమిషాలున్నాయి. అంతలో పారాచూట్ ఎందుకు రాలేదో కనుక్కోవాలి, లేకపోతే చెల్లెలు కూడా అన్న బాటే.

షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన పనిముట్ల పెట్టె మీద కూచుని ఉన్నాడు, ఇంట్లోకి రానివ్వని కుక్కలా. హోబర్ట్ స్టిన్‌సన్. వైమానిక దళంలో ఇరవై రెండేళ్ళు మెకానిక్కు. రెండు పిట్టల్నీ కట్టింది ఆయనే. మంగళవారం నించి ఆయన కార్ల మీద చెయ్యి వెయ్యకూడదని మేజర్ ఆజ్ఞ.

"లోపలికి రా హోబ్."

"రాకూడదన్నారమ్మా."

"కారుని ముట్టుకోకూడదన్నారు. ఇది కారా?"

హోబ్ ముక్కల వంక చూశాడు. "కాదులే," అన్నాడు, లోపలికొచ్చాడు.

లోర్నా శవపరీక్ష కాగితం తీసింది. "చదువుతాను, విను. కుడి అరచేతిలో అడ్డంగా మూడు నల్లటి గాట్లు. చూపుడువేలు విరిగింది. దెబ్బ తగలకముందే."

"మూడా?"

"ఒకసారి లాగితే ఒక గాటు. మూడుసార్లు లాగాడు, వేలు విరిగేలా లాగాడు. ఇదిగో లివరు. పొరపాటున కదలకుండా కట్టే రాగితీగ తెగి ఉంది. చెయ్యి వణికినవాడు రాగితీగ తెంపుతాడా? ఇక ఇటు రా. తోకలో పారాచూట్‌ని బయటికి తన్నే తూటా ఇది. పేలిందా?"

హోబ్ దాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నాడు. "పేల్లేదు. కొత్తదానిలా ఉంది."

"చేతి దగ్గర లాగడం జరిగింది, తోక దగ్గర పేలడం జరగలేదు. మధ్యలో ముప్ఫై అడుగుల తీగుంది. దానికేమయింది?"

"దానికేమీ కాలేదని నేను చెప్తాను," అన్నాడు గుమ్మంలోంచి ఇంకొకాయన.

మేజర్ కార్విన్ ప్రూయిట్. రిటైరయ్యాక కూడా ఇస్త్రీ రిటైరవని మనిషి. రికార్డుల సంఘానికి భద్రతాధికారి. ఏ కారు పరిగెత్తాలన్నా దాని మీద ఆయన ముద్ర పడాలి. ముద్ర పడితే కారుకి భద్రత, ముద్ర వేశాక మేజర్‌కి నిద్ర. ఆయన ఒక చేతిలో కాఫీ, రెండో చేతిలో కాగితం. టైము ఎనిమిదీ పది.

"ఆ తీగ నేను చూశాను. చక్కగా ఉంది. ఆదివారమే తనిఖీ చేసి ముద్ర వేశాను. లోపం మనిషిది. ఇక్కడ సంతకం పెట్టండి లోర్నా, మీకూ పని తీరుతుంది."

"నాకు పని తీరితే మా ఆఫీసు మూసెయ్యాలి మేజర్. అరచేతిలో మూడు గాట్లకి ఏమంటారు?"

"గట్టుని కొట్టుకున్నప్పుడు దేన్నో పట్టుకుని ఉంటాడు."

"మూడుసార్లు కొట్టుకున్నాడా గట్టుని?"

మేజర్ కాఫీ ఊదుకున్నాడు. "మీ నాన్న ఆ దూరపు కొండల్లో గొర్రెల్ని లెక్కపెట్టేవాడు. మీరు రేకుముక్కలు లెక్కపెడుతున్నారు. వృత్తి మారలేదు మీ ఇంట్లో."

"మా నాన్న లెక్కలో ఒక్క గొర్రె తగ్గితే తెల్లారేదాకా కొండలన్నీ తిరిగేవాడు. మీ లెక్కలో మనిషే తగ్గాడు, మీరు కాఫీ చల్లార్చుకుంటున్నారు."

హోబ్ దగ్గాడు. అది నవ్వని ముగ్గురికీ తెలుసు.

"కారణం చూపించండి," అన్నాడు మేజర్, గొంతు మార్చి. "చూపిస్తే చిన్న పిట్టని ఇప్పుడే ఆపేస్తాను. కారణం లేకుండా నా మైదానం మూయించాలంటే కోర్టు కాగితం కావాలి. కోర్టు నూట ఎనభై మైళ్ళు. పెట్రోలు పోయించుకోండి."

"పదిలోపు చూపిస్తా."

"ముసలాడితోనా? వీడి చేతిపనే ఒకణ్ణి చంపింది."

ఆయన జీపు వెళ్ళిన చాలాసేపటికి కూడా హోబ్ నేల చూపులు ఎత్తలేదు. "ఆయనన్నది నిజమేనేమో," అన్నాడు. "ప్రతి పరుగుకీ ముందు తూటా స్థానంలో చిన్న బల్బు పెట్టి లివరు లాగుతానమ్మా. ఒక్కసారి కూడా వెలక్కుండా లేదు. మంగళవారం పొద్దున కూడా వెలిగింది. లైల్ దానికి దండం పెట్టి కూడా వెళ్ళాడు. నాకు పిల్లల్లేరు, పెళ్ళాం పోయి తొమ్మిదేళ్ళు. పొద్దున్నే లేచి ఆ బల్బు వెలిగిందో లేదో చూసుకోవడమే నా సంసారం."

లోర్నా తన సంచీలోంచి గుడ్డు రొట్టె తీసి సగం ఆయన చేతిలో పెట్టింది. తను తినకుండానే చేతులు తుడుచుకుని మోకాళ్ళ మీద వంగింది.

"వెలిగిన బల్బు ఎక్కడ ఆరిపోయిందో చూద్దాం. లివరు దగ్గర మొదలుపెట్టు."

తీగని వేళ్ళ మధ్య పట్టుకుని ముక్కముక్కకీ పాకింది లోర్నా. తెగిన ప్రతిచోటా రెండో కొస వెతికింది. ముసలాయన పక్కనే పాకుతూ చెప్పుకొచ్చాడు. తీగ పసుపు రంగు. బిగింపులు పసుపు. పట్టీలు పసుపు.

"ఏమిటీ పసుపు, పెళ్ళా?"

"మేం కొత్తగా పెట్టిందానికి పసుపు పూస్తామమ్మా. విమానంతో పుట్టిందానికి దాని బూడిదరంగు అలాగే వదిలేస్తాం. ఏది మనది, ఏది దానిది అని ఎప్పుడూ తెలియాలి."

ఎనిమిదిన్నర. ఎనిమిదీ నలభై. వెనక చక్రం కాలు ఒకటి విరక్కుండా మిగిలింది, నిలువెత్తు ఉక్కు కాలు. పసుపు తీగ దాని దాకా వచ్చింది. కాలు దాటాక మళ్ళీ పసుపు తీగే తోకకి పోయింది. రెంటికీ మధ్య, కాలికి అంటిపెట్టుకుని, అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటుంది.

దాని రంగు బూడిద.

"పసుపు దారిలో ఈ బూడిద డబ్బా ఏమిటి హోబ్?"

"అదా? అది దానిదే. విమానంలో అసలు పారాచూట్‌కి ఈ దారే ఉండేది. ఆ దారికే మా తీగలు అటూ ఇటూ అతికించాం. దాన్ని మేం ముట్టుకోలేదు."

"ఏం చేస్తుందది?"

"ఏం చెయ్యదు. కాపలా. నేల మీద ఆపడానికి వాడే పారాచూట్‌ని పైలట్ పొరపాటున గాల్లో లాగాడనుకో, విమానం కూలిపోతుంది కదా. అందుకని చక్రం మీద బరువుంటేనే ఇది కరెంటుని పోనిస్తుంది. బరువు తగ్గి కాలు కాస్త సాగిందంటే, మనం గాల్లో ఉన్నాం అనుకుని..."

ముసలాయన నోట్లో రొట్టె ఉంది. నమలలేదు, మింగలేదు.

లోర్నా లేచి తన కారులోంచి టార్చి తెచ్చింది. బల్బు ఊడదీసి, బ్యాటరీ విడదీసి, డబ్బాకి ఇటు ఒక తీగ, అటు ఒక తీగ తగిలించింది. డబ్బా అడుగున చిన్న మీట ఉంది. దాన్ని బొటనవేలితో పైకి నొక్కింది.

బల్బు వెలిగింది.

"ఇప్పుడు నా వేలు కారు బరువు," అంది. "కారు నిలబడి ఉంది. నువ్వు పరీక్ష చేస్తున్నావు. వెలిగింది. నాలుగొందల ఎనభైలో కారు వెనకభాగం ఎంత తేలుతుంది?"

"నేల వదలదమ్మా," అన్నాడు హోబ్. "వదల్లేదు. జాడ నేను చూశాను, చివరిదాకా ఉంది. ఊరికే తేలికవుతుంది. కాలు సాగితే రెండు వేళ్ళు సాగుతుందేమో."

లోర్నా వేలు తీసేసింది. బల్బు ఆరిపోయింది.

లైల్ నేల మీదే ఉన్నాడు. కారు మాత్రం గాల్లో ఉన్నాననుకుంది. రెక్కలు కోశారుగాని ఎగిరిన బుద్ధి కోయలేదు. మూడుసార్లు లాగాడు మనిషి, మూడుసార్లూ ఆ పాత విమానం తన పైలట్‌ని కాపాడుతున్నాననుకునే కాదంది.

"దళం పుస్తకం ప్రకారం వదిలేశానమ్మా." హోబ్ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటున్నాడు. "ఇరవై రెండేళ్ళలో విమానంతో పుట్టిన తీగని పుస్తకంలో లేకుండా కదపలేదు. కదిపితే జైల్లో పెట్టేవాళ్ళు మమ్మల్ని. పుస్తకానికి ఇది విమానం. నేనూ... నేనూ అలాగే..."

"తరవాత ఏడుద్దువుగాని. చిన్న పిట్టలో ఉందా ఇది?"

"రెండూ ఒక్కలాగే కట్టాను."

గోడమీది లౌడ్‌స్పీకర్ గరగరమంది. మేజర్ గొంతు: "అందరికీ. పదికి గాలి లేస్తుందట. చిన్న పిట్ట పరుగు ముందుకి జరుపుతున్నాం. తొమ్మిదిన్నరకి."

లోర్నా గడియారం చూసుకుంది. తొమ్మిదీ పన్నెండు.

మైదానమంతా వినపడే మైకు ఒక్కటే, పరుగు మొదలయ్యే చోట మేజర్ ట్రక్కులో ఉంది. అందులో పలికేది డ్రైవరుకీ, ప్రతి మైలు గుర్తు దగ్గరా గొడుగు కింద కూచునే కాపలా మనిషికీ వినపడుతుంది. వాళ్ళ మాట ట్రక్కుకి వినపడుతుంది. షెడ్డుకి ఉన్నది వినికిడే, నోరు లేదు. దగ్గరి గొడుగువాడి చేత చెప్పించినా, ఎదురుగా నిలబడి అడగందే మేజర్ ఆపడు. పోలీసు రేడియో ఫ్రీక్వెన్సీ వేరు, ఇందులో పలకదు.

"నా కారు తీసుకెళ్ళి దారికి అడ్డం పెట్టేస్తే?"

"బయల్దేరాక అడ్డం పెడితే మీరూ ఉండరు, అదీ ఉండదు. బయల్దేరిందో లేదో ఈ చివర్నించి కనపడదు. చుట్టూ పోవాలమ్మా. పధ్నాలుగు మైళ్ళు."

పధ్నాలుగు మైళ్ళు, చేతిలో పద్దెనిమిది నిమిషాలు, ఉప్పుమట్టి దారి. పేరుకి అది సరస్సు గట్టు. సరస్సులో సరసమూ లేదు, రసమూ లేదు, గట్టు మాత్రం ప్రతి గజానికీ ఎముకలు లెక్కపెడుతుంది. హోబ్ దారంతా ఒక్క మాటే గొణిగాడు. "కలిపెయ్యాలి. ఆ రెండు కొసలూ కలిపి ముడేసెయ్యాలి. రెండు నిమిషాల పని. రెండే నిమిషాలు."

తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి లోర్నా ట్రక్కు తలుపు లాగింది. బయట రెండొందల గజాల్లో చిన్న పిట్ట ఇంజను అప్పటికే కేక పెడుతోంది.

మేజర్ మైకు ముందు కూచుని ఉన్నాడు. "ఆపండి," అంది లోర్నా.

ఆయన వెనక్కి తిరగలేదు. "కారణం?"

"చక్రం కాలి మీద స్విచ్చి."

అప్పుడు తిరిగాడు. కొత్త సంగతి విన్న మనిషికి కళ్ళు ముందు పెద్దవవుతాయి, తరవాత చిన్నవవుతాయి. ముప్ఫై ఏళ్ళుగా మొహాలు చదవడమే లోర్నా చదువు. మేజర్ కళ్ళు పెద్దవి కాలేదు. నేరుగా చిన్నవయ్యాయి.

"ఓ, అదా," అన్నాడు మెల్లిగా. "చిన్న పిట్టకి ఆ బెడద లేదు. నేనే తీసేశాను. ఆ అమ్మాయి క్షేమంగా వస్తుంది, మీరు నిశ్చింతగా కూచోండి."

బయట కేక మారింది. కారు కదిలింది.

"తీసేశారంటే?" హోబ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఏం తీసేశారు మేజర్?"

"స్విచ్చికి పోయే తీగ కోసేశాను."

"కోసి? కొసలు కలిపారా?"

"ఎందుకు కలపడం? టేపు చుట్టాను. స్విచ్చి లేదు, గొడవ లేదు."

"అది వంతెనయ్యా!" ముసలాయన అరిచాడు. పన్నెండేళ్ళుగా ఆ మైదానంలో ఎవరూ ఆయన గొంతు అంతెత్తున వినలేదు. "కరెంటు దాని మీంచే పోవాలి! వంతెన మీద కాపలావాడు వద్దని వంతెనే కూల్చారు మీరు! లైల్‌కి నిలబడున్నప్పుడైనా వచ్చేది. దీనికి ఎక్కడా రాదు, ఎప్పటికీ రాదు! పొద్దున బల్బు పెట్టి చూళ్ళేదా?"

"అది నీ పని."

"నన్ను ముట్టుకోనిచ్చారా?"

మేజర్ మొహంలో రక్తం దిగిపోయింది. ఇస్త్రీ మాత్రం అలాగే ఉంది.

లోర్నా చెయ్యి చాపి మైకు బటను నొక్కింది. "నెల్డా! ఆపెయ్. నేను లోర్నాని. ఇంజను కట్టెయ్!"

గరగర మధ్యలోంచి నెల్డా గొంతు, వణుకుతున్న సీటు లోంచి తునకలు తునకలుగా. "ఆపను. మీరు అలాగే అంటారని తెలుసు. ఆరో మైలు దగ్గర లాగుతాను. అన్న భయపడలేదు."

ట్రక్కులో కారు వేగం చూపే రాడార్ ముల్లు లేస్తోంది. "నూట నలభై," అన్నాడు హోబ్. "మూడొందలు దాటితే చక్రాల బ్రేకులు వెన్నముద్దలే. ఆలోపు కట్టెయ్యాలి. నూట డెబ్భై."

"నా మాట వినదు," అంది లోర్నా. మైకుని మేజర్ మూతి దగ్గరికి తోసింది. "తీగ కోసింది మీరు. మీరే చెప్పండి."

"ఆపమని చెప్తాను..."

"ఊరికే ఆపమంటే ఆగదు. ఏం చేశారో చెప్పండి."

మేజర్ మైకు వంక చూశాడు. పదకొండు గొడుగుల కింద పదకొండుమంది వింటున్నారు. ముప్ఫై ఏళ్ళ పరువు ఒక బటను కింద ఉంది.

"రెండొందల పది," అన్నాడు హోబ్.

మేజర్ పెదవులు తడుపుకున్నాడు.

"రెండొందల నలభై. మేజర్, అది నా బిడ్డ. కాళ్ళు పట్టుకుంటా. రెండొందల అరవై."

"నెల్డా." మేజర్ గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది. "నీ పారాచూట్ తీగ నేను కోసేశాను. నువ్వు లాగినా రాదు. కట్టెయ్. ఇప్పుడే కట్టెయ్."

ముల్లు రెండొందల ఎనభై ఐదు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి ఆలోచించి, దిగడం మొదలుపెట్టింది. దూరంగా ఇంజను కేక తెగిపోయింది. హోబ్ ట్రక్కు నేల మీద కూలబడి, ముల్లు సున్నాకి చేరేదాకా అంకెలు చదువుతూనే ఉన్నాడు, అవసరం లేకపోయినా.

"అయిదో మైలు దాటి ఆగింది," అన్నాడు అయిదో గుర్తు దగ్గర గొడుగు కింది మనిషి. "చక్రాల్లోంచి పొగ. మనిషి బాగుంది."

లోర్నా నోట్‌బుక్ తీసింది. ఆవిడ లెక్క తేలిగ్గానే కుదిరింది: మంగళవారం లైల్ పోయాడు, మేజర్ శిథిలం చూసి సంగతి పసిగట్టాడు, తన ముద్ర తప్పని ఒప్పుకోలేక రెండో కారుని చాటుగా బాగుచెయ్యబోయాడు. సాక్ష్యం దాచాడు. నీచమే, కానీ హత్య కాదు.

రేడియో మళ్ళీ పలికింది. నెల్డా ఊపిరి ముందు వినపడింది, తరవాత మాట. అయిదు మైళ్ళ ఉప్పునేల అవతల, ఆగిపోయిన ఇంజను పక్కన ఒక్కతే.

"మేజర్. ఎప్పుడు కోశారు?"

మేజర్ బటను మీంచి వేలు తీసేశాడు.

"తీగ కోయాలంటే మూత తియ్యాలి, మూత వేసినప్పుడల్లా కొత్త సీసం సీలు పడుతుంది," అంది లోర్నా. "దాని నంబరు మీ పుస్తకంలో తేదీతో ఉంటుంది. నేను వెళ్ళి చూసొచ్చి చెప్పనా, మీరు చెప్తారా?"

మేజర్ బటను నొక్కాడు. ఈసారి ఎవరూ తొయ్యలేదు.

"సోమవారం," అన్నాడు. "సాయంత్రం నాలుగున్నరకి. నీ కారు తనిఖీలో ఆ స్విచ్చి కనపడింది. లైల్ కారుకి ఆదివారమే ముద్ర వేసేశాను... లైల్‌కి పొద్దున్నే చెబుదామనుకున్నాను. మళ్ళీ, రెండొందల సార్లు బల్బు వెలిగింది కదా, ఇది కూడా..."

లోర్నా కలం కాగితం మీద 'సోమ' దగ్గర ఆగింది. లైల్ కారెక్కడానికి పదిహేడు గంటల ముందు.

"సోమవారం రాత్రి," అంది నెల్డా, చాలా మెల్లిగా, "మీరు మా ట్రెయిలర్లో భోంచేశారు మేజర్. అన్న పక్కన కూచుని. పులుసు బాగుందని రెండోసారి వేయించుకున్నారు."